పదిహేను పళ్ల చక్రం

వడియాల గుడ్డ ఎగిరిపోకుండా నాలుగు మూలలా బరువు పెడతారు. కోయిలకుంట్లలో వాళ్ల మిద్దె మీద పరిచిన పాత పంచెకు మూడు మూలల్లో మూడు ఇనుప పళ్లచక్రాలు, నాలుగో మూలన ఒక నాపరాయి ముక్క ఉన్నాయి. చక్రాలు అరచేతిలో ఇమిడేంతవి. చింతపండు పెట్టి తోమినట్టున్నారు, నూనె మరక అన్నది లేదు. ఎండ అప్పుడే పదునెక్కుతోంది. వదిన సగ్గుబియ్యం జావను గరిటెతో గుండ్రంగా పోస్తూ, తల ఎత్తకుండానే, "రాండి సారూ. చెప్పులు ఆ పక్క ఇడ్సండి" అంది.

వదినా అని పిలుస్తున్నా ఆమె నాకు చుట్టం కాదు. ఆమె భర్తను నేను అన్నా అనేవాణ్ణి. ఆయన కిందటి భాద్రపదంలో చనిపోయాడు. ఆమె రమ్మని కబురు పెడితే వచ్చాను, ఎందుకో తెలియదు. కూర్చుని ఆ చక్రాలనే చూస్తున్నాను. ఒకదాని మీద పదమూడు, ఒకదాని మీద పద్నాలుగు, ఒకదాని మీద పదహారు అని అంకెలు కొట్టి ఉన్నాయి. పదిహేను లేదు.

"అది కొట్టంలో కారుకే ఉండాది," అంది ఆమె, నా చూపు ఎక్కడుందో గమనించి. "ఆయన బిగించిందే. ఎవురూ ముట్టలే."

నాకేమీ అనిపించలేదు. ఆయన పోయినప్పటినుంచీ నా పరిస్థితి అదే. కబురు వచ్చినప్పుడు బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతున్నాను. ఫోను జేబులో పెట్టుకుని ఆ పాఠం పూర్తి చేశాను. హాజరు వేశాను. తర్వాత వెళ్లి చూశాను. వసారాలో అరుగు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ వాలిపోయాడట. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోదాన్ని ఎవరో పక్కకు జరిపారు. నేను ఆ చెప్పును చూస్తూ నిలబడ్డాను. దివసాల రోజు, అంటే పెద్దకర్మ నాడు, భోజనాల్లో వడ్డించే మనిషి నా గ్లాసులో మజ్జిగ పొర్లేదాకా పోశాడు. బల్ల మీద మజ్జిగ పారుతుంటే, ఎవరో ఒకరు ఏదో ఒక మాట అంటారని కాసేపు చూశాను. ఎవరూ అనలేదు. అనే మనిషికే ఆ రోజు దివసాలు. తిని ఇంటికొచ్చాను.

ఆయన బతికుంటే "పొర్లింది" అనేవాడు. ఆయనకు ప్రపంచంలో మూడే తీర్పులు. నిండలే, నిండింది, పొర్లింది. పెళ్లి భోజనమైనా, చెరువుకు వచ్చిన నీళ్లయినా, వేదిక మీద నాయకుడి ప్రసంగమైనా అంతే. ప్రసంగాల విషయంలో ఎక్కువగా మూడో తీర్పే వచ్చేది, అది చెప్పి కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయేవాడు. మా చర్చి బయట నిలబడి వాక్యం విన్న రోజుల్లో మా పాస్టరుగారిని కూడా వదల్లేదు. "ఈ పొద్దు మీ అయ్యగారు నిండలే సారూ. తొందరలో ఉన్నట్టుండాడు," అనేవాడు. ఇంకోసారి, "కుండ నిండినాక గూడా కుళాయి కట్టెయ్యలే," అన్నాడు. చెప్పొద్దూ, రెండుసార్లూ నిజమే.

అసలు ఆ మాట పుట్టింది కారు దగ్గర. కారు అంటే బజారులో తిరిగేది కాదు. ఇనుప గొట్టాలు అతికించి చేసిన పంజరం, నాలుగు చక్రాలు, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటు, వీపు వెనక ఒక పెద్ద మోటారుసైకిలు ఇంజను. బెంగళూరులో నుజ్జయిపోయిన బండి నుంచి ఆ ఇంజను ఊడదీసి తెచ్చాడు. దాని బలం వెనక ఇరుసుకు చైను మీదుగా పోతుంది, సైకిలుకు పోయినట్టే. చైనుకు ఇంజను వైపు చిన్న పళ్లచక్రం, ఇరుసు మీద పెద్దది. పెద్దది మార్చాలంటే ఇరుసంతా విప్పాలి. చిన్నదానికి ఒక్క నట్టు. అందుకని రేసుకు తగ్గట్టు మార్చేది ఎప్పుడూ ముందుచక్రమే. దానికి పళ్లు తగ్గిస్తే కారు ఎద్దులాగా లాగుతుంది, కానీ బిన్నగా, తొందరగా ఆయాసం వస్తుంది. పళ్లు పెంచితే ఇంకా వేగంగా పోగలదు, కానీ ఆ వేగం అందుకునేలోపే దారి అయిపోతుంది. ముందు ఒక పన్ను మారిస్తే వెనక మూడు పళ్లు మార్చినట్టు అనేవాడు. ఆ ఒక్క పన్ను గురించి ఆలోచిస్తూ పిలిచినా పలకని రోజులు ఉన్నాయని వదిన చెప్పేది.

"రెండూ రావు సారూ. లాగుడూ కావాల, పరుగూ కావాల అంటే కుదరదు. దారి ఎంత పొడుగుంటే కుండ అంత. నిండాల, పొర్లగూడదు."

చెన్నై అవతల రేసు ట్రాకులో ఒక పొడవాటి తిన్నని దారి ఉంది. దాని చివర మలుపు. మలుపుకు ముందు బ్రేకు నొక్కే చోటు ఒకటి. ఇంజను గొంతు పెరిగి పెరిగి, ఇంక పెరగలేని చోటికి సరిగ్గా ఆ బ్రేకు దగ్గర చేరాలి. అది నిండడం. అంతకుముందే చేరి అక్కడే గొంతు పట్టేసినట్టు తడబడితే పొర్లినట్టు. బ్రేకు నొక్కేసరికి ఇంకా పెరుగుతూనే ఉంటే నిండనట్టు. ఏటేటా రేసుకు పోయాడు, ఏటేటా ఏదో ఒకటి. గెలుపు వద్దని కాదు ఆయనకు, రాదని తెలుసు. ఒక్కతూరి నిండితే చాలు, ఆ పైన కారు అమ్మి కోళ్లు పెంచుకుంటా అనేవాడు. కోళ్ల మాట ఎవరూ నమ్మలేదు. మొదటి మాట మాత్రం నేను నమ్మాను.

నన్ను వెతుక్కుంటూ వచ్చింది ఆ ఒక్కతూరి కోసమే. ఒక ఆదివారం ఆరాధన అయిపోయి హార్మోనియం మూస్తుంటే గుమ్మం బయట ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. చెప్పులు విడిచాడు గాని లోపలికి రాలేదు.

"ఆ పెట్టె వాయించేది నువ్వేనా సారూ?"

"నేనేనప్పా."

"నాకో చెవి కావాల."

జేబులోంచి ఫోను తీసి ఒక శబ్దం వినిపించాడు. మొదట ఎవరో కొండమీద ఏడుస్తున్నారనుకున్నాను. "ఇది యాడికి పోయి ఆగతాండాదో ఆ పెట్టెలో చూపించు," అన్నాడు. మళ్లీ పెట్టె తెరిచి వెతికాను. ఒక నల్లమెట్టుకూ దాని పక్క తెల్లమెట్టుకూ నడుమ ఆగుతోంది. రెండూ కలిపి నొక్కి వినిపించాను. చెవి దగ్గర పెట్టుకున్న ఫోను అలాగే ఉంచి ఆయన కళ్లు మూసుకున్నాడు.

"మీటరు ఉండాది సారూ, లేక కాదు. మీటరు చూస్తే దారి కనపడదు, దారి చూస్తే మీటరు కనపడదు. బయట నిలబడి వినేటోడు ఒకడు కావాల."

ఆయన ఎవరో నాకు తెలుసు. మా నాయన వాళ్ల చేలో పనిచేసిన మనిషి. ఈయన తండ్రిని సామీ అనేవాడు, ఎదుట కూర్చుని ఎరగడు. నేను ఈయన్ని మొదటిరోజు అప్పా అన్నాను, రెండోసారి అన్నా అన్నాను. ఆయన దేనికీ ఏమీ అనలేదు. మా ఇంటికొచ్చి టీ తాగి, ఇంకొక గ్లాసు అడిగి, "ఇది నిండింది అమ్మా" అని మా ఆవిడతో అన్నాడు. ఆ తర్వాత నేను ఆయన కారు టైరు మీద కూర్చుని టీ తాగడం మామూలైపోయింది. మా నాయన చూసి ఉంటే ఏమనేవాడో నాకు తెలియదు.

రెండో శనివారం బడికి సెలవు. ఆ రోజు పొద్దున్నే చిన్న ట్రక్కులో కారు ఎక్కించుకుని ఆలూరు వైపు బయలుదేరేవాళ్లం. అక్కడ నల్లరేగడి చేల నడుమ గాలిమరల కోసం వేసిన దారి ఒకటి ఉంది. వంపు లేదు, ఊరు అడ్డం రాదు. అక్కడి వాచ్‌మన్ ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. పత్తికొండలో ఉగ్గాని, బజ్జి తినడానికి ఆగడం రివాజు. ఆయన తొంభై కిలోలు దాటిన మనిషి. ఆ పంజరంలోకి దిగుతుంటే వేరుశనగ బస్తాను చేతిసంచిలో కుక్కుతున్నట్టు ఉండేది. మిరపకాయ బజ్జి తుంచి నోట్లో పెట్టుకుంటూ, "ఒక పన్ను తింటాండా సారూ" అనేవాడు. బరువు పెరిగితే కారుకు ముందుచక్రంలో పన్ను తగ్గించుకోవలసి వస్తుందని లెక్క. రేసు దగ్గరపడితే వదిన కొర్రన్నం పెట్టేది. నాలుగు రోజులు తినేవాడు. ఐదో రోజు ట్రక్కు పత్తికొండలో ఆగేది.

ట్రాకులో తిన్నని దారి ఎంత ఉందో అంత ఇక్కడ కొలిచి, రెండు కొసలా రెండు రాళ్లకు సున్నం కొట్టించాడు. మొదటి రాయి మలుపులోంచి బయటపడే చోటు, రెండోది బ్రేకు. నా చోటు రెండో రాయి దగ్గర, కాలువ అవతల. ఆయన అవతలి రాయి దగ్గర కారు వెనక గొంతుక్కూర్చుని, చక్రం బిగించాక కూడా దాని పళ్లు గోటితో లెక్కపెట్టిన తర్వాతే బయలుదేరేవాడు. బొటనవేలి గోటితో ఒక్కొక్క పన్నూ మీటుతూ, పెదవులు కదుపుతూ. అంకె దాని మీదే కొట్టి ఉంది కదన్నా అంటే, "కొట్టినోడు గూడా మనిషే గదప్పా" అనేవాడు. బిగించక ముందు లెక్క, బిగించాక చైను కిందనుంచి కనబడినన్ని మళ్లీ లెక్క. నాకు విసుగొచ్చేది. ఎండలో నిలబడిన వాడికి విసుగు రావడం సహజం.

ఆయనకు ఇంకొక అలవాటుంది. ఒక చక్రం ఖాయం అయిందంటే మిగతావి కళ్లెదుట ఉండనిచ్చేవాడు కాదు. రెండోది చేతికందే చోట ఉంటే మొదటిదాని మీద మనసు నిలవదట. పెళ్లిచూపులకు కూడా ఒక్క ఇంటికే పోయానని, ఆ ఇంటి నుంచే వదినను చేసుకున్నానని చెప్పేవాడు. వదిన ఆ మాట విన్నప్పుడల్లా, "ఇంగో ఇంటికి పోయింటే వాళ్లన్నా బాగుపడుండురు" అనేది.

కిందటి ఆషాఢంలో ఆ ఖాయం కావడం జరిగింది. పదహారు పళ్లది బిగించి చూశాం. ఆషాఢం గాలి ఎట్లుంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. పడమటినుంచి పగలూ రాత్రీ వీస్తుంది. తువ్వాలు తలకు చుట్టుకుని, వీపు గాలికి పెట్టి నిలబడతాం, అంతే, దాన్ని గురించి ఇంక ఆలోచించం. గాలిమరల రెక్కలు నెత్తిన గిర్రున తిరుగుతున్నాయి. కారు పడమటి రాయి నుంచి తూర్పు రాయికి వచ్చింది. ఎదురు తిరిగి తోలితే మట్టి అంతా ఇంజను నోట్లోకీ, ఆయన కళ్లలోకీ పోతుందని, తిరిగి పోయేటప్పుడు ఎప్పుడూ మెల్లగానే పోయేవాడు. ఎదురుగాలికి పరుగెత్తాలని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

గొంతు పెరుగుతూ వచ్చింది. నా ఎదుటి సున్నపు రాయి దగ్గర సరిగ్గా పైకొసకు చేరి, అక్కడే తెగింది. ఆయన బ్రేకు నొక్కాడు. నేను తువ్వాలు ఎత్తాను. ఇంకోసారి వచ్చాడు. అదే. ఇంకోసారి. అదే.

ఆయన పంజరంలోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. హెల్మెట్టు తీసి కాలువ దాటి నా దగ్గరికి వచ్చాడు.

"నిండిందా?"

"నిండిందన్నా."

"ఇంగోసారి చెప్పు."

"నిండింది."

సున్నపు రాయి మీద కూర్చుండిపోయాడు. పంచెకు సున్నం అంటుకున్నా చూసుకోలేదు. వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "గాలి తోసినట్టు పోయిందప్పా మీ బండి," అన్నాడు. మేమిద్దరం దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని నవ్వాం. ఇంటికి చేరగానే ఆయన మిగతా మూడు చక్రాలూ వదిన చేతిలో పెట్టి, "ఏదన్నా ఎండబెట్టుకునేటప్పుడు గుడ్డ మీద పెట్టుకో. నాకు కనపడనియ్యాకు," అన్నాడట. అవి మిద్దె ఎక్కింది అట్లా.

శ్రావణంలో రేసు. నేను సెలవు పెట్టి పోయాను. బ్రేకు చోటుకు దగ్గరగా ఒక కంచె ఉంటే దాని పక్కన నిలబడ్డాను. మొదటి చుట్టులోనే తెలిసింది. నా ఎదుటికి వచ్చేసరికి గొంతు ఇంకా పెరుగుతూనే ఉంది. సగం కుండ. రెండో చుట్టూ అంతే, మూడోదీ అంతే. పక్కనుంచి అందరూ దాటిపోయారు. ఆయన వెనకాల ఒకే కారు మిగిలింది, దానికి ఏదో చెడిపోయింది. మార్చుకుందామంటే ఇంకో చక్రం లేదు. అన్నీ కోయిలకుంట్లలో మిద్దె మీద ఉన్నాయి.

అంతా అయ్యాక ఆయన ఒక టైరు మీద కూర్చుని నీళ్లు తాగాడు. కారును చూడలేదు, నన్ను చూడలేదు. తల ఎత్తి ఎదురుగా స్తంభం మీది జెండాను చూస్తున్నాడు. జెండా తడిగుడ్డలాగా వేలాడుతోంది. ఆకు కదలడం లేదు. చాలాసేపు చూసి, నిమ్మళంగా అడిగాడు.

"సారూ, గాలి యాడ మర్చిపోయి వచ్చినాం?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది, కళ్లలో నీళ్లొచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు, చివరికి మిగిలిన వాళ్లు ఇంత నవ్వడమేమిటని చూశారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు వచ్చేది ఆ నవ్వే. వస్తుంది, చూస్తాను, పోతుంది.

తిరుగు ప్రయాణంలో మైదుకూరు దగ్గర ఆగాం. అక్కడ టీ తాగుతూ అన్నాడు. "పుట్టినప్పటినుంచి ఆషాఢంలో వీపుకు గాలి పెట్టుకుని నడిసినోళ్లం. దాన్ని లెక్కలో ఎవురేస్తారు? మన వైపు వాళ్లు తప్ప ఇంకెవురూ చెయ్యరు సారూ ఈ తప్పు." అందులో కొంచెం గర్వం కూడా ఉన్నట్టు నాకనిపించింది. గ్లాసు పెట్టేస్తూ, "పదిహేను," అన్నాడు. "గాలి తగ్గినాక చూద్దాం."

మర్నాడే పదిహేను బిగించి, పదహారును మిద్దెకు పంపించాడు. ఇంక గాలి కోసం కాచుకోవడం. రోజూ మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే ఫోను వచ్చేది.

"మీ బడికాడ చింతచెట్టు ఎట్లుండాది సారూ?"

"ఊగతాండాదన్నా."

"ఐతే వొద్దులే."

అంతే, పెట్టేసేవాడు. ఆ ఏడు గాలి భాద్రపదం వచ్చినా తగ్గలేదు. చింతచెట్టు ఊగుతూనే ఉంది. ఆయన పోయిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గంట కొట్టారు, పిల్లలు పళ్లాలు తీసుకుని పరుగెత్తారు, నేను అలవాటుగా చెట్టు వైపు చూశాను. ఆకు కదలడం లేదు. ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. హార్మోనియం మీద ఆ నల్లమెట్టు, తెల్లమెట్టు కలిపి నొక్కి చూశాను ఒక ఆదివారం. రెండు మెట్ల శబ్దం వచ్చింది.

మిద్దె మీద వదిన చివరి వడియం పోసి, చేయి కడుక్కుని, నాకెదురుగా గోడ నీడలో కూర్చుంది.

"మా తమ్ముడు ఈ యేడు ఆ కారు తోలతానంటాండాడు. తోలుకోనీ, కొట్టంలో ఎలుకలు కొరికేదానికంటే మేలే గదా. కానీ ఆ పదిహేను ఇప్పకముందు అది నిండతాదో లేదో మీరు విని చెప్పాల సారూ."

నేను పదహారు పళ్లదాన్ని చేతిలోకి తీసుకుని, మళ్లీ గుడ్డ మూలనే పెట్టాను.

"ఆయనేమీ కల్లోకొచ్చి అడగడంలే. నాకే తెలుసుకోవాలనుండాది. ఇన్నేండ్లు దానెంబడి తిరిగినాడే, ఆఖరికన్నా సరైంది పట్టుకున్నాడా లేదా? అదొగటి తెలిస్తే చాలు నాకు."

ఎండాకాలం పొద్దున్నే ఆలూరు వైపు గాలి ఉండదు. ఆ వారమే ముగ్గురం పోయాం. ఇన్నేళ్లలో వదిన ఆ దారి చూడడం అదే మొదలు. పత్తికొండలో ఆగాలని ట్రక్కు డ్రైవరుకు తోచలేదు, మేమూ చెప్పలేదు. గాలిమరల రెక్కలన్నీ ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. వాచ్‌మన్ గేటు తీసి, ఆమె ఎవరో తెలిసి, తల గుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. ఆమె తమ్ముడు ముప్పై దాటిన వాడు, ఎండుకట్టెలాగా ఉంటాడు. కారులోకి కాలు మడిచి ఒక్క ఊపులో దిగిపోయాడు. లోపల ఆయనకు చాలీచాలని చోటు వీడికి ఇంకా మిగిలింది. వీపు వెనక ఒక దిండు పెట్టుకున్నాడు.

రెండో సున్నపు రాయి దగ్గర, కాలువ అవతల నేను నిలబడ్డాను. వదిన నా పక్కన నిలబడింది. సున్నం సగం రాలిపోయింది.

కారు కదిలింది. గొంతు పెరుగుతూ వస్తోంది. రాయి ఇంకా దూరం ఉండగానే గొంతు పైకొసకు చేరి, అక్కడే తడబడడం మొదలుపెట్టింది. అట్లా తడబడుతూనే మమ్మల్ని దాటిపోయింది. రెండోసారీ అంతే. ఈసారి బుద్ధి వచ్చినవాళ్లం కనుక అవతలి వైపు నుంచి కూడా తోలించి, నేను మొదటి రాయి దగ్గరికి పోయి విన్నాను. అంతే.

"నిండిందా సారూ?" అంది వదిన, నేను తిరిగి రాగానే.

"పొర్లింది వదినా."

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. "అంటే అదీ కాదన్నమాట," అంది.

"కాదని చెప్పలేం. మీ తమ్ముడు సన్నంగా ఉండాడు. తేలికైన మనిషి కూర్చుంటే కారు బిన్నగా లేస్తాది, బిన్నగా పొర్లతాది. అన్న కూర్చోనుంటే కొంచెం ఆలస్యంగా లేసేది. సరిగ్గా ఈ రాయికాడికి నిండుండునేమో."

"నిండుండునేమో," అంది ఆమె.

"ఇసుక సంచులు కట్టి చూడొచ్చు. గాలిమరల కింద ఉండాయి. అన్న బరువెంతో తెలిస్తే, మీ తమ్ముని బరువు పోను మిగిలింది కట్టి ఒకసారి తోలితే తెలిసిపోతాది వదినా."

ఇది నేను చాలా మామూలుగా చెప్పాను. లెక్క తప్పు లేదు. ఆమె తమ్ముడు హెల్మెట్టు చంకలో పెట్టుకుని, సంచులు తెస్తానని రెండడుగులు వేశాడు కూడా.

"వొద్దురా," అంది వదిన.

కాసేపు కారును చూసింది. "ఆయన బరువు నాకు తెలుసు సారూ. మంచం ఇప్పటికీ ఆ పక్కకే వంగుండాది. దాన్ని సంచులకు యాడ ఎత్తుకొచ్చేది?" తమ్ముడి వైపు తిరిగి, "నీకు సరిపోయేది బిగించుకోపో. ఆ దిండు గూడా తీసెయ్, చూడబుద్ధి కాలే," అంది.

పదహారు ఆమె చేతిసంచిలోనే ఉంది. వచ్చేటప్పుడే తెచ్చింది. తమ్ముడు నట్టు విప్పి, చైను వదులు చేసి, పదిహేను ఊడదీసి ఆమెకిచ్చాడు. వేడిగా ఉంది. ఆమె కొంగుతో పట్టుకుంది. చల్లారేదాకా ఆ సున్నపు రాయి మీద, ఆయన కూర్చున్న చోటే కూర్చుంది. తర్వాత కొంగు తీసేసి, చక్రాన్ని ఎడమచేతిలో పెట్టుకుని, కుడి బొటనవేలి గోటితో ఒక్కొక్క పన్నూ మీటుతూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అంకె దాని మీదే కొట్టి ఉంది. నేను ఆ మాట అనలేదు. మొదటి పన్ను దగ్గరికి వచ్చి ఆగి, నమ్మకం కుదరక మళ్లీ మొదలుపెట్టింది.

"పదిహేనే సారూ," అంది చివరికి.

ఆయన లేడని నాకు అప్పుడు తెలిసింది. గాలిమర వెనక్కి పోయి నిలబడ్డాను. బాగా ఏడ్చాను. అవతల కారు మళ్లీ బయలుదేరిన శబ్దం వినబడింది. రాయి దగ్గర వినేవాళ్లు లేరని గుర్తొచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెనక్కి నడిచాను.